పదిహేను వందల్లో రోజువారీ స్నీకర్లు: ఒక్క మంచి జతా, రెండు చవక జతలా?

నిలువుకాళ్ల కొలువు (విజయవాడ)

నేను బీసెంట్ రోడ్డు దగ్గర ఒక బట్టల దుకాణంలో సేల్స్ పని చేస్తున్నాను. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు, భోజన విరామం తప్పితే, గ్రానైట్ నేల మీద నిలువుకాళ్ల మీదే ఉండాలి. చెప్పులతో వస్తే ఒప్పుకోరు. ఆరు నెలల క్రితం 650 రూపాయలకు కొన్న స్నీకర్లు నాలుగో నెలలోనే ముందువైపు నోరు తెరిచాయి. బంక పూసి పండగ రద్దీ గట్టెక్కించాను గాని, ఇప్పుడు మడమ కింద ఫోమ్ అణగిపోయి, ఇంటికి చేరేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి.

చీటీ డబ్బులు, గ్యాస్ బండ పోగా ఈ నెల బూట్లకు తీయగలిగింది 1,500. ఆ మొత్తం పెట్టి ఒక్క మంచి జత తీసుకోమని మా బావమరిది అంటున్నాడు. 750 చొప్పున రెండు కొని మార్చి మార్చి వేసుకోమని మా ఆవిడ వాదన. ఎవరి మాట నిలబడుతుందో కారణాలతో చెప్పగలరు. బ్రాండు పేరు మాత్రం రాసి వదిలేస్తే నాకు ఉపయోగం ఉండదు.

కోఠి కాలిబాట (హైదరాబాద్)

నా ఓటు ఒక్క జతకే. 750 రూపాయల బూటులో సాధారణంగా అడుగు మొత్తం ఈవీఏ అనే తేలికపాటి ప్లాస్టిక్ ఫోమే ఉంటుంది, నేలకు తగిలే చోట రబ్బరు పొర ఉండదు. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది, వేసుకుంటే మెత్తగా ఉంటుంది, ఆ మెత్తదనానికే మనం పడిపోతాం. అది వాపే గాని బలుపు కాదు. అంత మెత్తటి ఫోమ్ రోజుకు పదకొండు గంటలు ఒక మనిషి బరువును మోస్తే కొద్ది నెలల్లోనే అణగిపోతుంది, తిరిగి లేవదు. పైగా తడిసిన గ్రానైట్ మీద రబ్బరుకున్న పట్టు దానికి ఉండదు. 1,200 దాటాక అడుగున రబ్బరు, దాని పైన కాస్త గట్టి ఫోమ్ ఉన్నవి దొరకడం మొదలవుతుంది.

పన్ను లెక్క కూడా ఇప్పుడు ఒక్క జత వైపే ఉంది. లోగడ వెయ్యి లోపు పాదరక్షల మీద 12 శాతం, వెయ్యి దాటితే 18 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 వరకు 5 శాతమే. అంటే పన్నుతో కలిపి 1,500 పడిన జత, దుకాణదారు ఆ తగ్గింపును నిజంగా మనకు ఇస్తే, సుమారు 1,335కు రావాలి. 750 జతకు తగ్గేది 47 రూపాయలు మాత్రమే. కాబట్టి పాత ధరలను మనసులో పెట్టుకుని కొట్లోకి వెళ్లకండి.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

కాలిబాట గారి లెక్క హైదరాబాదు గాలికి సరిపోతుందేమో గాని, కృష్ణా గోదావరి ఉక్కపోతలో నిలబడదు. మా వైపు మేడ దిగేలోపే మేజోళ్లు తడుస్తాయి. పదకొండు గంటల చెమట పీల్చుకున్న బూటు రాత్రి పదింటికి విప్పితే పొద్దున తొమ్మిదికల్లా లోపల ఆరదు. ఆ తడి బూటునే మళ్లీ తొడిగితే వాసన సంగతి అటుంచి, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని పుండవుతుంది. మీరన్న 1,335 రూపాయల జత అయినా రోజూ తడిలో నానుతూ ఉంటే లోపలి గుడ్డ చివికి, అతుకు వదిలి, ముందే పాడవుతుంది. రెండు జతలుంటే ఒక్కొక్కదానికి ఒక రోజు ఆరే అవకాశం దొరుకుతుంది.

ఇంకో మాట. ఉన్న ఒక్క జత నెల మధ్యలో తెగితే ఈయన ఏం తొడుక్కుని పనికి వెళ్తారు? చేతిలో డబ్బున్నవాళ్లకు ఆ ప్రశ్న తట్టదు. ఆయన సతీమణి చెప్పినదే నాకు సబబుగా ఉంది.

రిపేరు కొట్టు వారసుడు (ఖమ్మం)

మా నాన్నగారు నలభై ఏళ్లుగా చెప్పులూ బూట్లూ కుడుతున్నారు, ఆయన పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. ఒకటా రెండా అనేదానికన్నా ముందు, ఆ బూటును కుట్టడానికి వీలుంటుందా లేదా అని చూడాలని నా ఉద్దేశం. మా దగ్గరికి వచ్చే చవక స్నీకర్లలో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు: పైభాగం బాగానే ఉంటుంది, సోలు మాత్రం బొటనవేలి దగ్గర విడిపోయి ఉంటుంది.

దుకాణంలో ఒక పని చేయండి. సోలు పక్క గోడ చుట్టూ కనిపించే కుట్టు గీత మీద గోరు ఆనించి లాగండి. దారమైతే గోటికి తట్టి, చిన్న చిన్న ముడుల్లా తెలుస్తుంది. చాలావాటిలో అది దారమే కాదు, అచ్చు పోసేటప్పుడే కుట్టులా కనబడేలా దిద్దిన గాడి. దాని మీద తెల్ల రంగు కూడా వేస్తారు, ఫొటోలో చూస్తే ఎవరికీ అనుమానం రాదు. తరువాత బూటును రెండు చివర్లా పట్టుకుని వంచండి. వేళ్లు వంగే చోట వంగాలి. నడిమధ్యన అట్టపెట్టెలా మడతపడితే పక్కన పెట్టేయండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే ఇట్టే లోపలికి పోకూడదు.

సోలు గిన్నెలా పైకి లేచి, పైభాగాన్ని చుట్టూ పట్టి ఉండే రకం, అంటే కప్ సోల్ రకం తీసుకుంటే, కొన్న రోజే మాలాంటి వాళ్ల దగ్గర చుట్టూ నైలాన్ దారంతో కుట్టించుకోవచ్చు. మా కొట్లో 100 రూపాయలు తీసుకుంటాము. గాలి బుడగలున్న సోళ్లకూ, పలచటి అంచున్న పరుగు బూట్లకూ ఈ వైద్యం కుదరదు. సూది దిగిన చోటే చిరుగు మొదలవుతుంది.

ఆఫర్ల వేటగాడు (హైదరాబాద్)

ఇంత వాదన దేనికండీ? పండగ సేల్ వచ్చేదాకా ఆగితే 4,000 రూపాయల పేరున్న బ్రాండు జతే 1,500కు వస్తుంది. నేను ఎప్పుడూ అలాగే కొంటాను.

పులికాట్ పక్షి (సూళ్లూరుపేట)

వేటగాడు గారూ, పెట్టె మీది 4,000 అనేది గరిష్ఠ ధర మాత్రమే, ఆ బూటు ఏనాడైనా ఆ ధరకు అమ్ముడైందని దానికి అర్థం కాదు. పైగా, భారీ తగ్గింపులో వచ్చేది కొన్నిసార్లు పాత సరుకు. పీయూ, అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ సోలుకు గాలిలోని తేమే శత్రువు. పెట్టెలోంచి బయటికి తీయకపోయినా, కొన్నేళ్లు తేమ తగిలితే లోలోపల శిథిలమై, తొడిగిన వారంలో బిస్కెట్టులా పొడి రాలుతుంది. తయారైన నెల, సంవత్సరం పెట్టె మీద ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి. తగ్గింపు శాతం కన్నా ముందు అది చదవండి.

మా తడ మండలం మాంబట్టులో అడిడాస్ బూట్లు తయారవుతాయని చాలామందికి తెలియదు. నేను రెండేళ్లు పనిచేసింది అది కాదు, ఆ చుట్టుపక్కల మరో చిన్న కర్మాగారం, అతికింపు విభాగం. బంక పట్టాలంటే ముందు అతికే చోటును గరుకు చేయాలి, ప్రైమర్ పూసి ఆరనివ్వాలి, బంక రాశాక వేడి గూటిలోంచి పంపి, ఆ వేడి మీదే ప్రెస్సులో నొక్కి చల్లార్చాలి. వీటిలో ఏ ఒక్కటి తొందరపడి దాటవేసినా బూటు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, తేడా బయటపడేది మూడో నెలలో. ధర చూసి దీన్ని కనిపెట్టలేము గాని, అతుకు వెంబడి బంక పొంగి చారలు కట్టి ఉన్నా, సన్నటి సందు కనబడినా కొనవద్దు. ఎండలో బూట్లు ఆరబెట్టడం కూడా మానాలి. వేడికి ఆ బంకే మళ్లీ మెత్తబడుతుంది. లోపల పాత న్యూస్ పేపర్ కుక్కి ఫ్యాను కింద పెడితే, గోదారి గట్టు గారు భయపెట్టినంత తడి మిగలదు.

కోఠి కాలిబాట (హైదరాబాద్)

ఖమ్మం మిత్రుడి కుట్టు సలహాను ఒప్పుకుంటాను, కాని కుట్టు పడినంత మాత్రాన అణగిన ఫోమ్ లేవదు. ఈయన అసలు బాధ పిక్కల నొప్పి. లోపల పాదం కింద పరిచే ఇన్‌సోల్ ఊడివచ్చే రకమైతే, ఆరు నెలలకొకసారి దాన్ని మాత్రం మార్చుకోవచ్చు. అంటుకుపోయి ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. కాలిబాట మీద 900కు దొరికే ఫస్ట్ కాపీల, అంటే పేరున్న బ్రాండ్ల నకళ్ల గురించి ఎవరూ ఎత్తకముందే చెబుతున్నాను: వాటిలో మీరు డబ్బిచ్చేది బొమ్మకు.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

రాత్రి పదింటికి ఇల్లు చేరిన మనిషి పేపరు కుక్కి, ఫ్యాను పెట్టి, పొద్దున్నే తీసి దులుపుకుంటాడని నమ్మడం కష్టం. ఒకరోజు చేస్తాడు, నాలుగో రోజు మానేస్తాడు. అలవాట్ల మీద ఆధారపడే సలహా కన్నా రెండో జత నయమని నేను ఇంకా అంటున్నాను.

నిలువుకాళ్ల కొలువు (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. నిన్న సెలవు కావడంతో, కాళ్లు కాస్త వాచి ఉండే సాయంత్రం పూటే కొనాలని బావమరిది చెప్పగా, ఆరింటికి బయలుదేరాను. చూసిన ఐదు జతల్లో మూడింటికి ఉన్నది ఉత్తుత్తి కుట్టే. గోరు పెట్టి లాగుతుంటే దుకాణంలోని కుర్రాడు నవ్వాడు. నేనూ అదే పనివాణ్ణి గనక నాకు కోపం రాలేదు.

చివరికి 1,050కి రబ్బరు కప్ సోలు, ఊడివచ్చే ఇన్‌సోల్ ఉన్న నల్ల జత తీసుకున్నాను. తయారీ తేదీ చూశాను, ఐదు నెలల క్రితంది. కుట్టుకు 100 అనుకుంటే 350 మిగులుతుంది. దానితో వానాకాలానికి ఒక గుడ్డ బూటు, పీటీ షూ లాంటిది, తీసుకోమని మా ఆవిడ పట్టుబడుతోంది. గోదారి గట్టు గారి మాటలు ఆమెకు చదివి వినిపించడం నా పొరపాటు. పాత జతను వాన రోజులకు ఉంచుకుంటానంటే వినడం లేదు.

ఒక సందేహం మిగిలింది. ఎప్పుడూ వేసుకునే 8 నంబరే తీసుకున్నాను. ఇంట్లో మేజోళ్లతో గంటసేపు తిరిగితే, కుడికాలి చిటికెనవేలు దగ్గర పట్టినట్టుంది. వాడగా సర్దుకుంటుందా, మార్చుకోవాలా? గురువారం దాకా గడువిచ్చారు.

రిపేరు కొట్టు వారసుడు (ఖమ్మం)

మార్చుకోండి. తోలైతే సాగుతుంది, రెగ్జిన్ సాగదు. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, పక్కలకు ఒత్తుకోకూడదు. 9 వేసుకున్నప్పుడు మడమ జారితే, అదే 8లో వెడల్పు ముందుభాగం ఉన్న మరో మోడల్ అడగండి. అది తేలేవరకు కుట్టించవద్దు, సూది దిగాక ఏ కొట్టువాడూ వెనక్కి తీసుకోడు.