కబడ్డీ అయిపోయింది, సాయంత్రాలు గడవడం లేదు

ప్రశ్న: ఆరేళ్లు రైడర్‌గా ఆడాను. అంతర్ విశ్వవిద్యాలయ టోర్నీయే చివరిది. మార్చిలో డిగ్రీ పూర్తయింది. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది. సాయంత్రం ఐదైతే కాళ్లు గ్రౌండ్ వైపే లాగుతాయి. తిండి తగ్గలేదు, ఆరు కిలోలు పెరిగాను. కూత పెట్టని నేను ఎవరినో నాకే తెలియడం లేదు.

జవాబు: తమ్ముడూ, నేను 400 మీటర్లు పరుగెత్తేదాన్ని. మానేసిన మొదటి ఏడాది స్పైక్స్ (పరుగు బూట్లు) కనిపిస్తే ఏడుపొచ్చేది. ఒక్కసారిగా ఆపకు, వారానికి మూడు రోజులైనా పరుగెత్తు. అన్నం కాస్త తగ్గించు.

జవాబు: యూనివర్సిటీ నుంచి ఫారం-3, అంటే అంతర్ విశ్వవిద్యాలయ టోర్నీలో ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్, తీసుకున్నావా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు నీకు అదే ఆధారం. పీఈటీ (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు) కావాలంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) రెండేళ్లు.

ప్రశ్న అడిగినవారు: తీసుకోలేదన్నా. సోమవారమే వెళ్తాను. అక్కా, రేపు పొద్దున బూట్లు వేసుకుంటాను.