మొదటి అడుగులో బూటు ముక్కు ఈడ్చడం: నేర్పాలా, మాన్పించాలా?

గాలివాటం:
100 మీటర్లు 12 సెకన్లకు అటూ ఇటూ పరిగెత్తే జూనియర్ల గురించి అడుగుతున్నా. బ్లాక్స్ (స్టార్టులో పాదాలు ఆనించి తోసే దిమ్మలు) నుంచి లేచేటప్పుడు వెనక కాలు ముందుకొచ్చే దారిలో బూటు ముక్కు ట్రాక్‌కి రాసుకుంటోంది. ఒక కోచ్ "అదే సరి, ఇంకా కిందుగా ఈడ్చు" అంటున్నారు. ఇంకొకరు "కాలు ఎత్తు" అంటున్నారు. పిల్లలు ఇద్దరి మాటా విని మొదటి అడుగులోనే తడబడుతున్నారు. ఏది పాటించాలి?

స్పైక్స్_తొమ్మిది:
ఈడ్చడమే. జమైకా స్ప్రింటర్ అసాఫా పావెల్ స్టార్టులు స్లో మోషన్‌లో పెట్టి చూడండి, మొదటి అడుగంతా ట్రాక్‌ని రాసుకుంటూనే వస్తుంది. కారణం కూడా తేలికే. మడమ పిరుదు వైపు ఎగిరితే పాదం పెద్ద చుట్టు తిరిగి రావాలి. నేలని అంటిపెట్టుకుని వస్తే దారి తగ్గుతుంది, అడుగు త్వరగా పడుతుంది, అదీ తుంటికి వెనకగా పడుతుంది. తుంటికి ముందు పడిన మొదటి అడుగు బ్రేకుతో సమానం.

కొలతబద్ద:
రెండు వేరు సంగతులు కలిపేశారు. పాదం కిందుగా రావడం వేరు, నేలకి రాసుకోవడం వేరు. నేలకి రెండు సెంటీమీటర్ల పైన వచ్చినా మీరు చెప్పిన దగ్గర దారి దొరుకుతుంది. రాసుకోవడం వల్ల అదనంగా వచ్చేది ఘర్షణ ఒక్కటే, అదీ వెనక్కి లాగే ఘర్షణ. పావెల్ 100 మీటర్లు 9.72లో పరిగెత్తింది ఈడ్చడం వల్ల కాదు, ఈడ్చినా పరిగెత్తాడు. పైగా బూటుకుండే స్పైక్ (మేకు) పన్ను ట్రాక్‌లో దిగిందంటే మనిషి బోర్లా పడతాడు.

నత్తనడక:
నెలకో జత బూట్లు ఎవరు కొంటారో కూడా తేల్చండి :)

స్పైక్స్_తొమ్మిది:
పన్ను ఎక్కడుంటుంది? అరికాలి వైపు. రాసుకునేది ఎక్కడ? బూటు ముక్కు పైభాగం. పళ్ళు దిగాయంటే వాడు ఈడవలేదు, పాదం చదును చేసుకుని వచ్చాడన్నమాట. బూటు చేతిలో పట్టుకుని ఒకసారి చూస్తే తెలిసే విషయం ఇది.

కొలతబద్ద:
సరే, ముక్కే అనుకుందాం. ముక్కు కిందికి చూస్తూ వచ్చిన పాదం నేల తాకే ముందు వేళ్ళు పైకి తిరగాలి. దానికి టైమెక్కడ? తిరగకుండానే దిగితే చీలమండ బిగువుగా ఉండదు, మడమ కిందికి కూలుతుంది, తోయాల్సిన మొదటి క్షణాలు ఆ కూలడం ఆపుకోవడానికే పోతాయి. మొదటి అడుగు నేల మీద ఉండేదే సెకనులో ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ.

స్పైక్స్_తొమ్మిది:
టైము లేదని లెక్కలేసి చెప్పడం కాదు. వీడియోలో ఈడ్చేవాళ్ళ పాదం ఒకటి రెండు ఫ్రేముల ముందే నేలని తాకుతోంది. కళ్ళకి కనబడుతోంది.

కొలతబద్ద:
ఎన్ని ఫ్రేముల వీడియో? సెకనుకి 30 అయితే ఒక్కో ఫ్రేము 0.033 సెకను. మీరు చూస్తున్న తేడా కెమెరా కన్ను మూసిన టైములోనే ఇరుక్కుపోతుంది. 240లో తీయండి, ఫ్రేముకి 0.004 వస్తుంది. ఇంకో మాట, ఎక్కడి నుంచి లెక్కపెట్టారు? తుపాకీ శబ్దం నుంచి అయితే రియాక్షన్ టైము కూడా అందులో కలిసిపోతుంది. వెనక పాదం పెడల్ (బ్లాక్‌లో పాదం ఆనే పలక) వదిలిన ఫ్రేము నుంచి, అదే పాదం నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. కెమెరా స్టార్టు గీతకి సూటిగా పక్కన, మోకాలి ఎత్తులో ఉండాలి. ఏటవాలుగా పెడితే పాదం ఎక్కడ పడిందో కూడా తప్పుగానే కనబడుతుంది.

నత్తనడక:
ఈ థ్రెడ్ 30 ఫ్రేముల్లో నడుస్తోంది.

చివరి_లేన్:
పిల్లలు ఎందుకు ఈడుస్తున్నారో ఎవరూ అడగలేదు. ముందు బ్లాక్స్ చూడండి. ముందు పెడల్ గీతకి సొంత పాదంతో రెండు పాదాల దూరం, వెనకది మూడు. అక్కడ మొదలుపెట్టి సర్దుకోవాలి. "సెట్"లో (తుపాకీకి ముందు తుంటి ఎత్తి ఆగే భంగిమ) ముందు మోకాలు 90 డిగ్రీలకు దగ్గరగా, వెనక మోకాలు 120-130, తుంటి భుజాల కంటే కొంచెం పైన.

ఈడ్చేవాళ్ళలో ఎక్కువగా కనబడేవి మూడు. ఒకటి, తుంటి మరీ కిందుగా ఉండి, కాలు ముందుకి రావడానికి కింద చోటే లేకపోవడం. రెండు, వెనక కాలు పెడల్‌ని తన్నకుండా ఊరికే జారిపోవడం. వెనక కాలి తోపు టైము తక్కువైనా గట్టిది, అది పోతే మొత్తం భారం ముందు కాలి మీదే పడుతుంది. మూడు, ముందు కాలు పూర్తిగా చాచకముందే పెడల్ వదిలేయడం. ముందు కాలు నిండా చాస్తే తుంటి దానంతటదే పైకి లేచి పాదానికి చోటిస్తుంది.

గీత ముందు చాక్ పొడి పలచగా చల్లి చూడండి. చివర్లో చిన్న గీత పడితే వదిలేయండి. పెడల్ దగ్గర్నుంచే పొడుగు చార పడితే ఈ మూడిట్లో ఒకటి ఉన్నట్టే.

గాలివాటం:
చాలా థ్యాంక్స్ అండీ. చూసింది చూసినట్టు చెప్పాలంటే, మావాళ్ళలో వెనక కాలు జారడమే ఎక్కువ.

స్పైక్స్_తొమ్మిది:
చివరి_లేన్ గారు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ కొలతబద్ద వాదన అది కాదు. తల దించడం మీద చర్చ జరిగినప్పుడూ ఇదే వరస. ఎవరు ఏ మాట నేర్పినా "కొలిచారా, కొలిచారా" అని మీద పడటం. ట్రాక్ మీద ఎండలో నిలబడి చెప్పేవాడికి ఒక్క మాటలో చెప్పాల్సిన అవసరం ఉంటుంది. 30 మీటర్ల దాకా తల దించు, పాదం ఈడ్చు. పిల్లాడికి అర్థమవుతుంది, చేస్తాడు.

కొలతబద్ద:
చేస్తాడు, అదే బాధ. 30 మీటర్ల దాకా తల దించు అన్న మాటే తీసుకుందాం. బెర్లిన్ 2009లో బోల్ట్ 100 మీటర్ల 9.58కి 20 మీటర్ల చొప్పున పట్టిన టైములు 2.89, 1.75, 1.67, 1.61, 1.66. అంటే 60 మీటర్లు దాటాక కూడా ఇంకా వేగం పెరిగింది. అంత సేపు వేగం పెంచగలిగినవాడు చాలాసేపు వంగి ఉండగలడు. 12 సెకన్ల జూనియర్ 30-40 మీటర్ల దగ్గరే పై వేగానికి చేరిపోతాడు. వాడిని 30 దాకా తల దించమంటే ఏమవుతుంది?

ఒంటి వాలు అనేది సొంతంగా పెట్టుకునే భంగిమ కాదు. వేగం ఎంత పెరుగుతోందో దాన్ని బట్టి అదే వస్తుంది. స్థూలంగా లెక్కేస్తే, ప్రతి సెకనుకీ వేగాన్ని సెకనుకి 9 మీటర్ల చొప్పున పెంచుతున్నవాడు నేలకి 47 డిగ్రీల్లో తోయగలడు. 5 మీటర్లే పెంచగలిగితే 63 డిగ్రీలు. 2కి తగ్గాక 78, అంటే దాదాపు నిటారు. 5 మీటర్ల బలం ఉన్నవాడు 9 మీటర్లవాడిలా వంగితే పడిపోతాడు. పడకుండా ఉండడానికి పాదం గబగబా తుంటి ముందు పెడతాడు. మీరు మొదట్నుంచీ వద్దంటున్న బ్రేకు అదే. లేదా నడుం దగ్గర విరిగిపోయి తల ఒక్కటే కిందుగా పెట్టుకుని పరిగెడతాడు. ఫొటోలో మాత్రం బాగుంటుంది.

స్పైక్స్_తొమ్మిది:
అంటే అసలు ఆకారమే నేర్పొద్దా? సూటిగా చెప్పండి.

కొలతబద్ద:
బలం లేనివాడికి నేర్పొద్దు. బలం వస్తే ఆకారం దానంతటదే వస్తుంది. 10 నుంచి 20 మీటర్ల దూరం ఎత్తు ఎక్కే పరుగులు, బరువు లాగే స్లెడ్, ఒక మోకాలి మీద కూర్చుని లేచే స్టార్టులు. ప్రతి 10 మీటర్లకి నిమిషం చొప్పున విశ్రాంతి. ఎత్తు మీద పరిగెత్తేటప్పుడు ఎవడూ నిటారుగా లేవడు, నేలే వాడిని వంచుతుంది. మాట చెప్పక్కర్లేదు.

స్పైక్స్_తొమ్మిది:
ఇదీ అసలు సంగతి. బూటు ముక్కు గురించి రాత్రంతా కొట్టుకున్నాం గానీ, మీకు కోచ్ నోరు విప్పడమే ఇష్టం లేదు. బలం రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంతసేపు మొదటి అడుగులోనే తల ఎత్తి లేచే అలవాటు వేల స్టార్టుల్లో ముదిరిపోతుంది. అప్పుడు బలం వచ్చినా ఆ బలం పైకే పోతుంది, ముందుకి పోదు. పద్దెనిమిదేళ్ళకి స్క్వాట్ బాగా ఎత్తుతూ, బ్లాక్స్ నుంచి మాత్రం నిలబడి లేచేవాళ్ళు ఎంతమందో మీరే చూసి ఉంటారు.

కొలతబద్ద:
చూశాను. వాళ్ళకి కావాల్సింది దిశ, భంగిమ కాదు. "వెనక్కి తోయి" అనండి, ఒప్పుకుంటాను. "కిందుగా ఉండు" అంటే ఒప్పుకోను.

స్పైక్స్_తొమ్మిది:
పదమూడేళ్ళ పిల్లాడికి ఆ రెండూ ఒకటే.

చివరి_లేన్:
ఒకటి కాదండీ. "వెనక్కి తోయి" అంటే ముందు కాలు చాస్తారు, "కిందుగా ఉండు" అంటే మోకాలు మడిచే ఉంచుతారు. అనుమానముంటే గుంపుని రెండుగా చేసి చెరో మాటా చెప్పి, పదేసి స్టార్టులు తీయించి, 10 మీటర్ల గేటు టైము (అక్కడ పెట్టిన టైమింగ్ గేటు దాటేదాకా పట్టిన టైము), మొదటి అడుగు గీత దాటి ఎంత దూరంలో పడిందో రాయండి. అర మీటరుకి దగ్గర్లో పడుతూ గేటు టైము తగ్గితే ఆ మాట పనిచేసినట్టు.

గాలివాటం:
మరి "కాలు ఎత్తు" అన్న రెండో కోచ్?

కొలతబద్ద:
ఆయన మాట అస్సలు వినకండి.

స్పైక్స్_తొమ్మిది:
+1. ఆ ఒక్కదాంట్లో.

నత్తనడక:
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

గాలివాటం:
శనివారం వెనక పెడల్ ఒక గాడి వెనక్కి జరిపి, చాక్ చల్లి, రెండు గుంపులకీ తీయిస్తాం. 240 ఫ్రేముల వీడియో ఇక్కడే పెడతా. కెమెరా మోకాలి ఎత్తులో అన్నారు కదా, గీతకి ఎంత దూరంలో పెట్టమంటారు?

కొలతబద్ద:
మొదటి రెండు అడుగులూ ఫ్రేములో పట్టేంత. ఐదారు మీటర్లు చాలు, జూమ్ వాడొద్దు.