ఐటీఐ చేసినోళ్లకు సోలార్‌లో ఊరి దగ్గరే పని దొరుకుతుందా? (దేవరకొండ)

దేవరకొండ వైండింగ్:
అన్నలూ, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపులో ఉంటున్నా. ఎండాకాలం చేతినిండా పని, వానలు పడితే ఈగలు తోలుకోవడమే. 2030 కల్లా సోలార్ లాంటి గ్రీన్ కరెంటు ఇంకో 20,000 మెగావాట్లు అని రాష్ట్ర పాలసీలో పెట్టారు కదా, మరి అందులో మనకేమన్నా పని ఉంటుందా? ఒకాయన సోలార్ కోర్సుకు పాతికవేలు కట్టు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. అమ్మ ఒక్కతే ఉంటుంది, గుజరాత్, రాజస్థాన్ పోలేను.

పాలమూరు రూఫ్‌టాప్:
తమ్ముడూ, పైసా కట్టకు. సూర్యమిత్ర అని కేంద్రం కోర్సు 2015లో మొదలైంది, మూడు నెలలు, 600 గంటలు, ఫీజు లేదు, పదో తరగతి మీద ఐటీఐ ఉంటే చాలు. దగ్గర్లో కొత్త బ్యాచ్ ఉందో లేదో ముందు కనుక్కో.

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం పెట్టిన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది కాబట్టి ఇళ్ల మీద పని ఉంది. ఏసీ, అంటే ఇంటి లైన్ కరెంటు, నీకు కొత్త కాదు, మనోళ్లు దెబ్బతినేది డీసీ, అంటే ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు దగ్గర. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు సిరీస్‌లో కలిపితే ఇన్వర్టర్ (డీసీని ఏసీగా మార్చే డబ్బా) దాకా 250 నుంచి 300 వోల్టులు వస్తుంటాయి, ఇంటి మెయిన్ ఆఫ్ చేసినా ఎండ ఉన్నంతసేపు అవి పోవు. కరెంటు పారుతుండగా కనెక్టర్ పీకితే మంట లేస్తుంది, ఏసీలాగా దానంతటది ఆరదు. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైరును విడదీసే స్విచ్), మీటర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. షాపులో ఉండే మామూలు క్లాంప్ మీటర్ ఏసీ మాత్రమే కొలుస్తుంది, డీసీ వైరుకు పెడితే సున్నా చూపిస్తుంది, దాన్ని నమ్మావా అంతే సంగతులు! డీసీ కొలిచేది విడిగా కొనుక్కో.

కల్వకుర్తి మాజీ సైట్ సూపర్‌వైజర్:
పెద్ద ప్లాంట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. పైల్స్ (ప్యానెళ్లను నిలబెట్టే స్తంభాలు) దించడం, స్ట్రక్చర్ బిగించడం, కేబుల్ లాగడం, ఇవి నడిచినన్ని రోజులే వందల మంది. పని అయిపోయి ప్లాంటు లైన్‌లో కరెంటు మొదలయ్యాక కంట్రోల్ రూములో షిఫ్టుకు ఒకరిద్దరు, ప్యానెళ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, వాచ్‌మన్లు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పోతాయి, నేను చేసిన చోట ఆ చేలల్లో పత్తి ఏరుకుని బతికినోళ్లకు కడిగే పని కూడా రాలేదు, కాంట్రాక్టర్ బయటి నుంచి మనుషుల్ని దింపాడు. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి బ్యాటరీ ఫ్యాక్టరీ వేరే లెక్క, అది నీకు రోజూ పోయొచ్చే దూరం కాదు.

అచ్చంపేట మహిళా సంఘం:
తమ్ముడూ, ఇందిర సౌర గిరి జల వికాసం 2025 మేలో మా అమ్రాబాద్ మండలం మాచారంలోనే మొదలుపెట్టారు, గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులు. బిగించేవాళ్లు వస్తారు, పోతారు. రేపు కంట్రోలర్ (పంపును నడిపే డబ్బా) మీద ఎర్ర లైటు వెలిగితే బోరులో నీళ్లు తగ్గాయా, కోతులు వైరు పీకాయా చెప్పేవాడు ఊళ్లో ఎవడూ లేడు (నల్లమల కోతుల సంగతి తెలిసిందే కదా). టౌను నుంచి మెకానిక్ వచ్చేలోపు చేను ఎండుతుంది. వైండింగ్ తెలిసి ఆ కంట్రోలర్ కూడా తెలిసినవాడు డిండి ఇవతల ఉంటే మేమే ఫోన్ చేస్తాం.

ఇంకో మాట. మా ఇంటర్ చదివిన ఆడపిల్లలకు కూడా నేర్పమంటే ఒక సారు ‘స్లాబ్ ఎక్కుతారా’ అని నవ్వాడు. ఆ స్లాబ్ పోసినప్పుడు కంకర తట్టలు మోసింది ఎవరట?

దేవరకొండ వైండింగ్:
అక్కా, డిండి మాకు దగ్గరే. కానీ కొత్త పంపులు నేను విప్పొచ్చా?

పాలమూరు రూఫ్‌టాప్:
విప్పకు. కుసుమ్ (సోలార్ పంపులకు కేంద్రం పథకం) కింద పెట్టినవైతే ఐదేళ్లు బిగించిన కంపెనీయే చూడాలి, బయటివాడు ముట్టుకుంటే రైతుకు వారంటీ లొల్లి. అక్క వాళ్ల ఊళ్లో కంట్రోలర్ డబ్బా మీద కంపెనీ నంబర్ ఉంటుంది, ఆ సర్వీస్ వాళ్లకే ఫోన్ చేసి ‘మండలానికి మనిషి కావాలా’ అని అడుగు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం.