చిప్ ఫ్యాక్టరీకి నూటికి 70 రూపాయలు మనమే ఇస్తే, మనకి వచ్చేదేంటి?

పన్ను_కట్టేవాడు:
సూటిగా అడుగుతున్నా. 2021 డిసెంబర్‌లో కేంద్రం సెమీకండక్టర్ మిషన్ అని 76,000 కోట్లు పక్కన పెట్టింది, 2025 ఆగస్టుకల్లా 10 ప్రాజెక్టులు ఓకే అయ్యాయి. వాటిలో గుజరాత్‌లోని సాణంద్‌లో అమెరికా కంపెనీ‌ మైక్రాన్ యూనిట్‌నే తీసుకోండి. మొత్తం పెట్టుబడి 275 కోట్ల డాలర్లు, అందులో కంపెనీ జేబులోంచి తీసేది 82.5 కోట్లే. సగం కేంద్రం ఇస్తోంది, ఇంకో 20 శాతం గుజరాత్ ఇస్తోంది. పోనీ అదేమైనా చిప్ తయారుచేసే ఫ్యాబా అంటే కాదు, బయట తయారైన వేఫర్లు (చిప్‌లు అచ్చైన సిలికాన్ పళ్లేలు) తెచ్చి కోసి, ప్యాక్ చేసి, టెస్ట్ చేసే చోటు.

ఉద్యోగాలు వస్తాయి, కాదనను. ఇంత డబ్బూ ఒక్కో కంపెనీకి విడివిడిగా పోతోందన్నదే నా గొడవ. జపాన్ 1976లో ఏం చేసిందో చూడండి. ఫుజిట్సు, హిటాచీ, మిత్సుబిషి, ఎన్ఈసీ, తోషిబా అంటే మార్కెట్లో ఒకరినొకరు తొక్కేసుకునే కంపెనీలు. ఆ ఐదింటి ఇంజినీర్లనీ ప్రభుత్వం నాలుగేళ్లు ఒకే ల్యాబ్‌లో కూర్చోబెట్టింది, ఖర్చులో దాదాపు 40 శాతం తనే భరించింది. 80ల నడిమికి మెమరీ చిప్‌లలో అమెరికాను దాటేశారు. మన మిషన్‌లో అలాంటి ఉమ్మడి ల్యాబ్ ఎక్కడుందో ఎవరైనా చూపించండి.

బెజవాడ_బాబాయ్:
జపాన్ కథ సగమే చెప్పారు. అదే జపాన్ తర్వాత కొరియా, తైవాన్‌ల చేతిలో చిత్తయింది, 2022లో రాపిడస్ అనే కంపెనీతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అయినా అక్కడ కూర్చోబెట్టడానికి ఐదు పెద్ద కంపెనీలున్నాయి, మన దగ్గర ఎవరున్నారండీ? గుజరాత్ ధోలేరాలో టాటా వాళ్లు తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీతో కలిసి 91,000 కోట్లతో కడుతున్నదొక్కటే అసలైన పెద్ద ఫ్యాబ్. ముందు ఫ్యాక్టరీలు రానివ్వండి, ల్యాబ్‌ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. మన ఆంధ్రాకి కొరియా టెక్నాలజీతో 468 కోట్ల ప్యాకేజింగ్ యూనిట్ వచ్చింది. చిన్నదే, కానీ వచ్చింది. దానికే తెలంగాణ వాళ్లు మాకివ్వలేదని అలిగారు.

మహేశ్వరం_కుర్రాడు:
అలగడం కాదు బాబాయ్, మేం ఒకసారి కాలినోళ్లం. 2006లో ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు మా దిక్కే, రావిర్యాల దగ్గర, ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా అనే కంపెనీ పెడుతుంది, అమెరికా చిప్ కంపెనీ ఏఎండీ టెక్నాలజీ ఇస్తుంది, 300 కోట్ల డాలర్లు అని పేపర్ల నిండా రాశారు. చుట్టుపక్కల ప్లాట్ల రేట్లు ఆకాశానికి పోయాయి. తర్వాత? ఒక్క వేఫర్ కూడా బయటికి రాలేదు. సోలార్ ప్యానెళ్ల కంపెనీలు వచ్చాయి, ఇంకేవో వచ్చాయి, పేరు మాత్రం ఫ్యాబ్ సిటీ అనే మిగిలింది. ఒక రాష్ట్రం ఒక్కతే భూమి ఇచ్చి ఎదురుచూస్తే ఇట్లనే అవుతుంది. ఇప్పుడైనా రాష్ట్రాలు నేనింత సబ్సిడీ ఇస్తా అంటే నేనింతకన్నా ఎక్కువిస్తా అని వేలంపాట పాడటం ఆపితే బాగుంటుంది. ఆ పాటలో బాగుపడేది కంపెనీ ఒక్కటే.

టేపౌట్_తాతయ్య:
హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేస్తూ నెరిసిపోయిన తల నాది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. ప్రపంచంలో చిప్ డిజైన్ ఇంజినీర్లలో 20 శాతం మనవాళ్లే అని మంత్రులు ప్రతి సభలో చెబుతారు. ఆ పని ఎలా ఉంటుందో చెప్పనా? ఏడాది, రెండేళ్లు చిప్‌లో ఒక బ్లాక్ మీద కుస్తీ పడతాం. ఆఖరి రెండు వారాలు ఇల్లు గుర్తుండదు, టైమింగ్ తప్పులు ఒక్కోటీ మూసుకుంటూ వస్తాం. ఆ రాత్రి ఫైనల్ ఫైల్ సర్వర్‌లోంచి తైవాన్ ఫౌండ్రీకి, అంటే వేరేవాళ్ల డిజైన్లకి చిప్‌లు చేసిచ్చే ఫ్యాక్టరీకి, పోతుంది, మేం కేక్ కోస్తాం. కొన్ని నెలలకు చిప్‌లు చిన్న ట్రేలో తిరిగొస్తాయి. డిజైన్ హక్కులు కంపెనీ హెడ్డాఫీసువి, తయారీ తైవాన్‌ది, మనకి మిగిలేది జీతం. మంచి జీతమే లెండి, ఫిర్యాదు లేదు.

ఇందులోంచి బయటికొచ్చి సొంతంగా చిప్ చేద్దామనుకున్న కుర్రాళ్లను చూశాను. డిజైన్ దాకా లాగుతారు. తర్వాత విదేశంలో నమూనా తీయించడానికి, డిజైన్‌ని వేఫర్ మీద అచ్చేసే మాస్కులకి, టెస్టింగ్‌కి డబ్బు చాలక చతికిలబడతారు. వాళ్లకి కావాల్సింది 91,000 కోట్ల ఫ్యాబ్ కాదు. పది మంది డిజైన్లు ఒకే వేఫర్ మీద వేసి, ఖర్చు పంచుకుని, నమూనాలు తీసిచ్చే ప్రభుత్వ లైన్ ఒకటి.

బెజవాడ_బాబాయ్:
అలాంటి లైన్ మొహాలీలో ప్రభుత్వ సెమీకండక్టర్ ల్యాబ్‌లో ఉంది కదండీ? ఇస్రో విక్రమ్ ప్రాసెసర్ అక్కడే చేశారు. కాలేజీ పిల్లల డిజైన్లు కూడా తీసిస్తున్నారు.

టేపౌట్_తాతయ్య:
ఉంది. 180 నానోమీటర్లు, అంటే ప్రపంచం 2000 ప్రాంతంలో వాడిన టెక్నాలజీ. ఈ అంకె ఎంత తగ్గితే టెక్నాలజీ అంత కొత్తది. రాకెట్‌కి అది చాలు, అక్కడ చిన్నదనం కన్నా గట్టిదనం ముఖ్యం. మొబైల్‌కో కెమెరాకో చాలదు. 1984లో ఉత్పత్తి మొదలుపెట్టిన సంస్థ అది, 1989లో మంటల్లో కాలిపోయింది, మళ్లీ లేవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో మిగతా దేశాలు ఎంత ముందుకు పోయాయో చూస్తే కడుపు మండుతుంది.

సించూ_తెలుగోడు:
తైవాన్‌లో ఉంటాను కాబట్టి ఒక ముక్క. ఇక్కడి పెద్ద చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీని అందరూ ప్రైవేట్ మొనగాడనుకుంటారు. దానికి ముందు ఐటీఆర్ఐ అని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ దగ్గర టెక్నాలజీ కొని, ఇంజినీర్లని అక్కడికి పంపి నేర్పించి, పైలట్ లైన్ పెట్టింది. అందులోంచి 1980లో యూఎంసీ అనే చిప్ కంపెనీ పుట్టింది. 1987లో టీఎస్ఎంసీ పెట్టినప్పుడు దాదాపు సగం డబ్బు ప్రభుత్వానిది, పావుకు పైగా ఫిలిప్స్‌ది. మొదటి ఫ్యాబ్ కూడా ఐటీఆర్ఐ దగ్గర అద్దెకు తీసుకున్నదే. అంటే ల్యాబ్ ముందు, ఫ్యాక్టరీ వెనుక. బాబాయ్ గారు చెప్పిన వరస ఇక్కడ జరగలేదు.

బెజవాడ_బాబాయ్:
అప్పుడు ప్రపంచం వేరు తమ్ముడూ. ఇప్పుడు ల్యాబ్ పెట్టి పదేళ్లు ఆగితే చైనా ఎక్కడుంటుంది? అమెరికా కూడా 2022లో చిప్స్ చట్టం తెచ్చి ఫ్యాక్టరీలకే గుమ్మరించింది.

పన్ను_కట్టేవాడు:
అదే చట్టంలో పరిశోధనకి 1,100 కోట్ల డాలర్లు విడిగా పెట్టారు. దాన్ని వదిలేసి ఫ్యాక్టరీ ముక్క ఒక్కటే తీసుకుంటే ఎలా? ఫ్యాక్టరీలు వద్దని నేననట్లేదు. సబ్సిడీ తీసుకున్న ప్రతి ఫ్యాబ్ తన లైన్లో కొంత భాగం మన స్టార్టప్‌లకీ కాలేజీలకీ ఇవ్వాలని షరతు పెట్టండి, మొహాలీని బాగుచేసి ఉమ్మడి లైన్‌గా తెరవండి అంటున్నా.

ఇంకోటి, కొనేవాడు ముందే ఉండాలి. కరెంటు స్మార్ట్ మీటర్లే చూడండి. కేంద్రం పథకంలో లక్ష్యం 25 కోట్ల మీటర్లు. జనం ఆ మీటర్లే వద్దని గొడవ చేస్తున్నారు, ఆ పంచాయితీ ఇక్కడొద్దు. మీటర్ విప్పితే లోపల కరెంటు కొలిచే చిప్, ఒక మైక్రోకంట్రోలర్, కమ్యూనికేషన్ మాడ్యూల్ ఉంటాయి. వీటిలో ఏదీ 2 నానోమీటర్ల వ్యవహారం కాదు, ధోలేరాలో చేస్తామంటున్న 28 నుంచి 110 నానోమీటర్ల రకాలు బాగా సరిపోతాయి. డిస్కమ్‌లు, డిజైన్ కంపెనీలు, ఫ్యాబ్ ముగ్గురూ కలిసి ఒక ప్రమాణం రాసుకుని, ఇన్ని కోట్ల చిప్‌లు కొంటామని రాతపూర్వకంగా ఇస్తే చాలు, తాతయ్య గారి కుర్రాళ్లకి బ్యాంకే అప్పిస్తుంది.

మహేశ్వరం_కుర్రాడు:
ఇది నచ్చింది. కానీ టెండర్లో ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు చెప్పినోడు, ఉంటడు కదన్నా? చైనా చిప్ ఉన్న మీటర్ 50 రూపాయలు తక్కువకి వస్తే డిస్కమ్ ఆఫీసర్ మనది కొంటాడా? కొంటే రేపు ఆడిట్‌లో అతని మెడకే చుట్టుకుంటది.

పన్ను_కట్టేవాడు:
అందుకే ఆ నిర్ణయం ఆఫీసర్ మీదికి తోయకూడదు. 50 రూపాయల తేడా ఎవరు కడతారో మిషన్‌లోనే రాసి పెట్టాలి. ఫ్యాక్టరీ కట్టడానికి నూటికి 70 ఇవ్వగలిగినవాళ్లు, మొదటి కోటి చిప్‌లకి ఈ తేడా ఇవ్వలేరా? కోటికి 50 కోట్లు, అంతే.

బెజవాడ_బాబాయ్:
50 కోట్లకైతే నాదీ ఓటు. రెండో కోటికి కూడా అడగనని రాసివ్వండి మరి.