జాకెట్ వేసుకోమంటే వద్దన్నవాళ్ళ పడవ ఆపేయాలా, బతిమాలి వదిలేయాలా?

కొల్లేటిగట్టు:

ఆకివీడు వైపు కొల్లేటి గట్టున మాదో చిన్న ఊరు. కార్తీకం వచ్చిందంటే పక్షుల్ని చూడ్డానికి భీమవరం, ఏలూరు, రాజమండ్రి నుంచి జనం దిగిపోతారు. సంక్రాంతి వెళ్ళేదాకా ఆదివారాలు రేవు ఖాళీగా ఉండదు. రెండేళ్ళ కిందట మేం ఏడుగురు కుర్రాళ్ళం చందాలేసుకుని 24 లైఫ్ జాకెట్లు కొన్నాం. ఆదివారం పొద్దున్నే రేవులో నిలబడి, పడవ ఎక్కేవాళ్ళకి తొడిగి పంపిస్తాం. డబ్బులు తీసుకోం.

మొన్న ఆదివారం ఒక కుటుంబం వచ్చింది. ఆరుగురు ఎక్కాల్సిన పడవలో తొమ్మిదిమంది కూర్చున్నారు. చిన్నపిల్లకి మాత్రం జాకెట్ వేయించుకుని, మిగతావాళ్ళు వద్దన్నారు. గట్టిగా చెప్పబోతే ఆ ఇంటి పెద్దాయన "మీరేమన్నా పోలీసులా?" అన్నారు. ఊరుకున్నాం. అవతల పెలికాన్ల గుంపు కనపడగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒక పక్కకి లేచారు. పడవ ఒరిగి ఆ పిల్ల నీళ్ళలో పడింది. పడవాయన వెంటనే దూకి జాకెట్ పట్టుకుని లాగాడు. జాకెట్ ఒక్కటే చేతికొచ్చింది, పిల్ల కిందే ఉంది. రెండోసారి జుట్టు దొరకబుచ్చుకుని పైకి తీశాడు.

పిల్ల బాగానే ఉంది. కానీ ఆ జాకెట్ తొడిగింది నేనే. అది పెద్దవాళ్ళ సైజు. పిల్లల సైజు మా దగ్గర లేవు. నడుం దగ్గర బెల్టు ఎంత లాగినా వదులుగానే ఉంది, పర్లేదులే అనుకున్నాను. నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు మాలో మాకే గొడవ. జాకెట్ వేసుకోకపోతే పడవ కదలనివ్వకూడదని సగం మంది అంటున్నారు. ఆ హక్కు మనకెక్కడిది, చెప్పి వదిలేయడమే మన పని అని మిగతా సగం. మీరేమంటారు?

దోనెమనిషి:

నేను పడవ తిప్పేవాణ్ణే. మా తాత తాటిదోనెలో గెడ వేసుకుంటూ చేపలకి వెళ్ళేవాడు, నేను ఇంజిన్ పడవ మీద బతుకుతున్నా. తమ్ముళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ రేవులో అడ్డంగా నిలబడితే ఏమవుద్దో తెలుసా? జనం పక్క రేవుకి పోతారు. అక్కడ జాకెట్ అడిగేవాడు లేడు, ఎంతమంది ఎక్కుతారో లెక్క పెట్టేవాడూ లేడు. నాకు పోయేది ఆదివారం సంపాదన. వాళ్ళకి తప్పేది జాకెట్ మాత్రమే, ప్రమాదం కాదు.

ఇంకో మాట. కొల్లేరు గోదావరి కాదు. చాలాచోట్ల గుండె లోతు, ఎండాకాలం అయితే నడుం లోతే. పెద్దాళ్ళు నిలబడితే చాలు.

గౌతమిఒడ్డు:

నిలబడితే చాలంటున్నారు. దేని మీద నిలబడతారండీ? కొల్లేటి అడుగున ఉండేది బురద. కాలు పెడితే మోకాలు దాకా దిగుద్ది, తీయబోతే రెండో కాలు కూరుకుపోద్ది. పైగా గుర్రపుడెక్క, నాచు. ఈత వచ్చినవాడికే కాళ్ళకి చుట్టుకుంటుంది. పట్నం నుంచి ప్యాంటూ బూట్లతో వచ్చినవాడు గుండె లోతులో కూడా ముందుకి పడి నీళ్ళు మింగేస్తాడు.

నేను ఆపాలనే అంటాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. గోదావరి వరద మీద ఉన్న రోజది. తూటుగుంట వాళ్ళు నాటు పడవలేసుకుని వెళ్ళబట్టి 26 మంది బయటపడ్డారు. పడవని కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయింది. అన్నాళ్ళూ ఒడ్డున కూర్చున్నవాళ్ళని నేను చూశాను. అక్కడ ఎవరైనా ఒక్కడు ఆ పొద్దున "ఈ వరదలో పడవ కదలడానికి వీల్లేదు" అని అడ్డం పడుంటే అతన్నీ "నువ్వేమన్నా పోలీసువా" అనే ఉండేవాళ్ళు. అననివ్వండి.

లంకటీచరమ్మ:

మాది కోనసీమ. లంకలో బడికి రోజూ పడవలోనే వెళ్ళొస్తాను. ఒక్కరోజు కూడా జాకెట్ వేసుకోలేదు, మా పిల్లలూ వేసుకోరు. మీ చర్చ చదువుతుంటే సిగ్గేసింది.

2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో ఏం జరిగిందో మాకెవరికీ మర్చిపోయేది కాదు. బడి నుంచి ఇళ్ళకి వెళ్తున్న పిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. వాళ్ళు షికారుకొచ్చినవాళ్ళు కారండీ, రోజూ ఏరు దాటేవాళ్ళే. అందుకే అడుగుతున్నాను. పట్నం వాళ్ళకే జాకెట్టా? మీ ఊరివాళ్ళు, చేపలకి వెళ్ళేవాళ్ళు వేసుకుంటున్నారా? రేవులో నిలబడే మీ ఏడుగురూ పడవెక్కినప్పుడు వేసుకుంటున్నారా? మీరు వేసుకోకుండా వచ్చినవాళ్ళకి తొడిగితే, అది చుట్టాలకి వడ్డించే మర్యాదలాగే కనపడుతుంది గాని ప్రాణానికి సంబంధించిన పనిలా కనపడదు.

భీమవరం టు హైదరాబాద్:

నేను జాకెట్ వద్దన్న మనిషినే, అందుకే రాస్తున్నాను. రెండేళ్ళ కిందట ఒకచోట బోటు ఎక్కితే నాకిచ్చిన జాకెట్ తడిగా ఉంది, చంకల దగ్గర నల్లగా బూజు, ఎవరి చెమటో వాసన. బకిల్ ఒకటి విరిగిపోయి తాడుతో కట్టారు. మా ఆవిడ ముక్కు మూసుకుంది. ఇద్దరం పక్కన పడేశాం. పొగరుతో కాదు, అసహ్యంతో. ఎదురు చెప్పకుండా జనం వేసుకోవాలంటే ముందు అది ఒంటికి తగిలించుకునేలా ఉండాలి. ఉతికి నీడలో ఆరేసిన జాకెట్ ఇచ్చి చూడండి, సగం గొడవ అక్కడే పోతుంది.

మిగతా సగం సంగతి. ముక్కూమొహం తెలియని కుర్రాడు చెబితే నాకూ కోపం వస్తుంది, ఒప్పుకుంటున్నాను. అదే పడవాయన చుక్కాని వదిలేసి, "బాబూ, బెల్టు పెట్టుకునేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యను" అంటే మారుమాట్లాడను. బస్సులో కండక్టర్ చెప్పినట్టే. పడవ ఆయనది, నీళ్ళు తెలిసినవాడు ఆయన.

కొల్లేటిగట్టు:

టీచరమ్మ గారూ, మీరడిగినదానికి జవాబు: లేదండీ. మేం వేసుకోం. మొన్న ఆ పిల్ల పడిందని కేకేస్తే రెండో పడవలో వెళ్ళిన మా ఇద్దరికీ జాకెట్లు లేవు. ఇప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

దోనెమనిషి అన్నా, పక్క రేవుకి పోతారన్న మాట నిజం. దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. కానీ భీమవరం అన్న రాసింది చదివాక నాకు ఒకటి తోచింది. ఆపాల్సింది మేం కాదు, నువ్వు. నువ్వు ఆపితే నీ కడుపు కొట్టుకుపోకుండా చూడాల్సింది మేం. రెండు రేవుల పడవలవాళ్ళూ ఒకే మాట మీద ఉంటే జనం ఎక్కడికి పోతారు? అటు రేవు వాళ్ళతో మేం మాట్లాడతాం. నువ్వు మా పక్కన కూర్చుంటావా?

నర్సు, ఏలూరు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. జాకెట్ గురించే అందరూ మాట్లాడుతున్నారు. పైకి తీశాక ఏం చేస్తారు? ఆసుపత్రికి తెచ్చే పిల్లల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఒడ్డున పొట్ట నొక్కుతూనో, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పుతూనో విలువైన నిమిషాలు పోగొడతారు. పొట్ట నొక్కితే తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగిన మనిషికి కావాల్సింది గాలి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, ఇలాగే ఆపకుండా. ఒకరు ఈ పని చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. లేచి కూర్చున్న పిల్లని కూడా ఒకసారి డాక్టరుకి చూపించమని ఆ కుటుంబానికి చెప్పండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు.

ఈత రాకుండా దూకేవాళ్ళని కూడా ఆపండి. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బాకి తాడు కట్టి విసిరితే మనిషి పట్టుకుని తేలుతాడు. రేవులో ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి.

దోనెమనిషి:

కూర్చుంటా తమ్ముడూ. కానీ నా షరతు విను. జాకెట్ కన్నా ముందు లెక్క. తొమ్మిదిమంది ఎక్కాకే మొన్న అంతా జరిగింది, అది నా తోటివాడి పడవ. పండగ రోజుల్లో నేనూ ఎక్కించా, అబద్ధం చెప్పను. పడవ పక్కన బయటవైపు ఎర్ర రంగుతో ఒక గీత గీద్దాం. నీళ్ళు గీతకి తాకాయంటే ఇంకొకళ్ళు ఎక్కడానికి లేదు. వచ్చినవాడితో నేను గొడవ పడక్కర్లేదు, గీత చూపిస్తే చాలు. నీళ్ళ మధ్యలో లేచి నిలబడితే ఇంజిన్ కట్టేస్తా, కూర్చుంటేనే మళ్ళీ కదిలేది. పక్షులు ఎటున్నా పడవే అటు తిప్పుతాం గాని జనం లేవకూడదు.

గౌతమిఒడ్డు:

గీత మంచి ఆలోచన. నేనింకా ఆపాలనే అంటాను, అయితే పడవాయనే ఆపుతానంటే అభ్యంతరం లేదు. ఇంజిన్ పడవలకి సర్వే, రిజిస్ట్రేషన్ కూడా చూసుకోండి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది. కాగితాలు లేకపోతే రేపు ఏదైనా జరిగితే మొత్తం మీ మీదకే వస్తుంది.

లంకటీచరమ్మ:

పిల్లల జాకెట్ సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక పద్ధతి ఉందండీ. బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తండి. జాకెట్ చెవుల దాకా జారితే అది నీళ్ళలో ఆగదు. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవే కొనండి. నేను రేపు మా బడి పిల్లలకి చెప్పి, ముందు నాకొకటి కొనుక్కుంటున్నాను.

కొల్లేటిగట్టు:

ఈ ఆదివారం షికారు లేదు. పొద్దున 7 గంటలకి రేవులో 24 జాకెట్లూ ఉతుకుతాం. విరిగిన బకిల్ ఉన్నవి పక్కన పెట్టేస్తాం. ఒక్కొక్కటీ మేమే వేసుకుని నీళ్ళలో దిగి, తేలుస్తుందో లేదో చూస్తాం. పిల్లల సైజు ఆరు కొనడానికి చందా మొదలైంది, ఆ పిల్ల నాన్నగారే మొదట ఫోన్ చేసి ఇస్తామన్నారు. దోనెమనిషి అన్న ఎర్ర పెయింటు తెస్తున్నాడు. అటు రేవు నుంచి ఇద్దరు వస్తామన్నారు. దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చేటప్పుడు నైలాన్ తాడు, ఖాళీ నూనె డబ్బాలు పట్టుకురండి.