తెలుగు అంకెల చేతి గడియారం: చూసినవారు మెచ్చుకుంటున్నారు, కొనడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. తెలుగు అంకెలతో వంద చేతి గడియారాలు చేయించి అమ్మాలని నా కోరిక. డయలు చుట్టూ ఉండే కేసు వెడల్పు 42 మిల్లీమీటర్లు, లోపల సీకో ఎన్‌హెచ్‌35 ఆటోమేటిక్ మిషన్, మూడు దగ్గర తేదీ గడి. నమూనా చూసి అందరూ బాగుందన్నారు. ధర అడిగినవారు ఒక్కరూ లేరు. లోపం ఎక్కడుంది?

జవాబు: గడియారాల దుకాణం నడుపుతున్నవాణ్ణి. మీ ఆలోచన నాకెంతో నచ్చింది, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. ముందు ఆ తేదీ గడి తీసేయండి. సరిగ్గా ౩ ఉండాల్సిన చోటును అది మింగేసింది. పైగా అందులో తిరిగే చక్రం మీద ఉన్నవి ఇంగ్లిషు అంకెలు! తేదీ లేని ఎన్‌హెచ్‌38 తీసుకోండి. ఎన్‌హెచ్‌35నే ఉంచి గడి మూసేస్తే, కీ లాగినప్పుడు తేదీ మార్చే మెట్టు ఒకటి పనిలేకుండా మిగిలిపోతుంది.

ఇక అంకెలు. ౧౦ను భూతద్దంలో చూడండి. ౧లోని చిన్న సందు అచ్చు సిరాతో పూడుకుపోతే రెండు సున్నాలు పక్కపక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ౨, ౩ కూడా దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పుస్తకాల ఫాంటును కుదించి వాడకుండా, డయలు కోసమే సందులు వెడల్పు చేసి గీయించండి.

42 చాలామందికి పెద్దదవుతుంది. పట్టీ బిగించే కొమ్ములతో సహా కాగితం మీద గీసి, కత్తిరించి, ఇంట్లో అందరి మణికట్ల మీద పెట్టి చూడండి. కొమ్ములు మణికట్టు దాటకూడదు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. ‘తెలుగువారందరూ కొనండి’ అని ప్రకటన రాసుకున్నాను. సరిపోతుందా?

మరొకరి జవాబు: భాషాభిమానం మెప్పు వరకు తెస్తుంది, చేతికి పెట్టుకోవడానికి వేరే కారణం కావాలి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజెన్ సహకారంతో బెంగళూరులో గడియారాలు మొదలుపెట్టింది. దాని దేవనాగరి అంకెల డయళ్ల కోసం ఇప్పటికీ వెతికేవారున్నారు. అభిమానం ఒక్కటే కాదు, కీ ఇచ్చి వాడుకునే ఆ గడియారం ఏళ్ల తరబడి నడిచింది. టైటాన్ ఎడ్జ్ గురించి చెప్పాలంటే పలుచదనం అన్న ఒక్క మాట చాలు. మీ గడియారానికీ అలాంటి మాట ఒకటి పట్టుకోండి.

ఫొటోలో ముళ్లను పది గంటల పది నిమిషాల దగ్గర పెట్టడం వాడుక. మీ డయలులో అవి ౧౦, ౨ల మీదికే వస్తాయి. గంటల ముల్లు అంకెకు లోపలే ఆగేంత పొట్టిగా చేయించండి, నిమిషాల ముల్లును సన్నగా ఉంచండి. నీటిని తట్టుకునే స్థాయిని 3 ఏటీఎం అని రాసేటప్పుడు ‘30 మీటర్ల లోతు’ అనకండి. అది నీటి చినుకులను తట్టుకుంటుంది, ఈతకు పనికిరాదు. ఈ ముక్క పెట్టె మీదే రాయండి.

ప్రశ్న అడిగినవారు: కాగితం కత్తిరించి చూశాను. మా అక్క మణికట్టుకు 42 రెండు వైపులా బయటికి వచ్చింది, 38 చక్కగా కుదిరింది. ౧౦ను మళ్లీ గీయిస్తున్నాను, అచ్చు రాగానే ఇక్కడ పెడతాను.