నల్లరేగడిలో ట్రాక్టరు ఆగర్ అడుగున్నర దాటి దిగడం లేదు, ఏం చేయాలి?

ఉండి రైతు:
అందరికీ నమస్కారం. మాది ఉండి దగ్గర పల్లపు నల్లరేగడి చేను. దాళ్వా (రెండో పంట వరి) కోత అయ్యాక రెండెకరాల చెక్క చుట్టూ సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళకంచె వేయిద్దామని మొదలుపెట్టాము. స్తంభం ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అంగుళాల చదరం; రెండున్నర అడుగులు భూమిలో ఉండాలని మేస్త్రీ చెప్పాడు. గునపాలతో తవ్విస్తే కూలి తడిసి మోపెడవుతుందని, ట్రాక్టరు వెనుక తగిలించి గోతులు తీసే 12 అంగుళాల ఆగర్‌ను (మరమేకులా తిరుగుతూ దిగే పెద్ద బరమా) అద్దెకు తెచ్చాము. పైనున్న బీటలు వారిన మట్టిలోకి అది సులభంగానే దిగుతోంది. అడుగున్నర దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఉన్నచోటనే తిరుగుతోంది. పైకెత్తి చూస్తే గొయ్యి అడుగు నున్నగా మెరుస్తోంది, పిండిలాంటి పొడి తప్ప మట్టి పెళ్ళలు రావడం లేదు. ఇద్దరు మనుషులు ఆగర్‌ను మోసే దూలం మీద ఎక్కి నిలబడితే దిగుతుందని డ్రైవరు అంటున్నాడు. కూలీలు సిద్ధంగానే ఉన్నారు గాని నాకు మనసు ఒప్పడం లేదు. నీళ్ళు పోయమని కొందరు, తొలకరి దాకా ఆగమని కొందరు చెబుతున్నారు. కాలువలకు నీళ్ళు ఆపేశారు, మా బోరు నీరు ఉప్పు. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

తణుకు మెకానిక్:
ముందుగా, దూలం మీదికి ఎవరినీ ఎక్కించకండి. దీనికి మినహాయింపు లేదు. పీటీవో (ఇంజను శక్తితో ఆగర్‌ను తిప్పే ట్రాక్టరు వెనుక షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచో తువ్వాలు కొసో ఆ షాఫ్టుకు చిక్కితే, డ్రైవరు క్లచ్చి తొక్కే లోపే మనిషి చుట్టుకుపోతాడు. పైగా ఆగర్ గట్టి పెళ్ళనో రాయినో పట్టినప్పుడు దూలం ఒక్కసారిగా ఎగిరి పక్కకు తన్నుతుంది. దాని మీద నిలబడినవాడు పడేది తిరుగుతున్న ఆగర్ పక్కనే.

ఇక మీ యంత్రం ఎందుకు దిగడం లేదో చూద్దాము. ట్రాక్టరు హైడ్రాలిక్కు చేతులు బరువును పైకి ఎత్తగలవు గాని కిందికి నొక్కలేవు. అందువల్ల మూడు పాయింట్ల లింకేజీకి (పనిముట్లు తగిలించే ఆ వెనుక చేతులకు) తగిలించిన ఆగర్ తన బరువుతోనే దిగాలి, దాన్ని లోపలికి లాక్కునే పని పళ్ళది. గొయ్యి అడుగు నున్నగా మెరుస్తోందన్నారు. పళ్ళు కోయకుండా రుద్దుతున్నాయనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. ఆగర్‌ను పైకెత్తి, ఇంజను ఆపి, అడుగున ఉన్న పళ్ళను, మధ్యలో ఉండే ముక్కును చేత్తో తడిమి చూడండి. అంచు గుండ్రబడి ఉంటే ఎంత బరువు పెట్టినా ప్రయోజనం ఉండదు. అద్దె యంత్రాలకు పళ్ళు మార్చడమనేది యజమానులు చివరిదాకా వాయిదా వేసే ఖర్చు. అవి బోల్టులతో బిగించేవే కనుక, కొత్తవి వేసి ఇమ్మని అడగడంలో తప్పు లేదు.

మరొక సంగతి. గట్టి నేల కదా అని ఇంజను వేగం పెంచకూడదు. పళ్ళు మట్టిని పట్టాలంటే నిదానంగా తిరగాలి. వేగంగా తిప్పితే వేడెక్కి మరింత త్వరగా అరుగుతాయి. ఆగర్‌ను తిప్పే షాఫ్టుకు ఉండే షియర్ బోల్టు తెగుతోందని దాని స్థానంలో గట్టి హైటెన్షన్ బోల్టు వేసేవారు ఉన్నారు. తెగడం కోసమే ఆ మెత్తని బోల్టును పెట్టారు. అది తెగకపోతే తరువాత విరిగేది గేరుబాక్సు, ఆ ఖర్చు మీ కంచె ఖర్చుకు తీసిపోదు.

అత్తిలి రైతు:
మెకానిక్ గారు పళ్ళ గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను గాని, మన నేలలో సగం సమస్య నేల తడిదేనని నా అభిప్రాయం. ఏటా సార్వాకు (తొలి పంటకు), దాళ్వాకు దమ్ము చేసే (నీళ్ళు పెట్టి బురదగా దున్నే) చేలలో పై మెత్తని మట్టి కింద ట్రాక్టరు చక్రాలు, దమ్ము చక్రాలు తొక్కితొక్కి ఒక గట్టి పొర ఏర్పడి ఉంటుంది. వరికి అది మేలే, నీరు కిందికి ఇంకిపోకుండా ఆపుతుంది. దాని కింద ఉన్నది తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే బంకమట్టి. మే నెల ఎండలో అది ఇటుకలా ఉంటుంది. దానితో కుస్తీ పట్టడం కన్నా నానబెట్టడం మేలు.

ఆగర్ ఎంత దిగితే అంతవరకు అన్ని గోతులూ వరుసగా తీయించండి. సాయంత్రం ఒక్కొక్క గోతిలో రెండు మూడు బిందెల నీళ్ళు పోసి వదిలేయండి. మొదటి బిందె బీటల్లోకి దిగి కనబడకుండా పోతుంది, ఆ తరువాత మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటాయి, అక్కడి నుంచి ఇంకడం చాలా నెమ్మది. తెల్లవారి మిగిలిన నీళ్ళు తోడేసి, పొడి మట్టి గుప్పెడు చల్లి, అప్పుడు ఆగర్ దించాలి. నీళ్ళు పోసి వెంటనే దించితే అడుగు జారుడు బురదై పళ్ళు ఇంకా జారుతాయి, అంతే. ఆరంగుళాలు, ఎనిమిది అంగుళాలు దిగగానే పైకెత్తి మట్టి విదిలించి మళ్ళీ దించాలి.

మీ స్తంభానికి 12 అంగుళాల గొయ్యి అవసరమా అని కూడా అడగాలనిపిస్తోంది. నాలుగంగుళాల చదరానికి మూల నుంచి మూలకు ఆరంగుళాల లోపే వస్తుంది, కనుక 9 అంగుళాల ఆగర్ సరిపోతుంది. 12 అంగుళాలది కోయవలసిన మట్టి దానికి దాదాపు ఒకటిముప్పాతిక రెట్లు. 6 అంగుళాలది దొరికితే ముందు దానితో దారి చేసి, తరువాత 9 దించితే ఇంకా సుళువు.

గోతులు నానబెట్టడానికి ఉప్పు నీరైనా ఫరవాలేదు. కాంక్రీటు కలపడానికి మాత్రం వాడకండి, స్తంభంలోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి స్తంభమే పగులుతుంది.

అమలాపురం తోట:
మా వైపు కొబ్బరితోటల ఇసుక నేలల్లో ఇబ్బంది దీనికి పూర్తిగా తలకిందులు. ఆగర్ క్షణంలో దిగుతుంది, పైకెత్తగానే గోడలు కూలి గొయ్యి సగం పూడిపోతుంది. తడిపి తీస్తేనే గోడ నిలుస్తుంది. ఉండి గారికి ఇది పనికిరాకపోవచ్చు గాని, లంక భూముల్లో కంచె వేసేవారు చదువుతుంటే ఉపయోగపడుతుందని రాశాను.

ఉండి రైతు:
అందరికీ కృతజ్ఞతలు. పళ్ళు చూశాము, మెకానిక్ గారు ఊహించినట్టే అంచులు బొత్తిగా లేవు. యజమాని కొత్తవి వేయడానికి, 9 అంగుళాల ఆగర్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. గోతులు నానబెడుతున్నాము. ఒక్క సందేహం: నానిన బంకమట్టిలోకి ఆగర్ మరమేకులా దిగిపోయి ఇరుక్కుపోతుందని మా డ్రైవరు భయపడుతున్నాడు. అలా జరిగితే ఏం చేయాలి?

తణుకు మెకానిక్:
ఆ భయంలో అర్థం ఉంది. కొత్త పళ్ళు, మెత్తబడిన మట్టి, పైగా డ్రైవరు లిఫ్టు లీవరు పూర్తిగా వదిలేస్తే ఆగర్ తనంతట తానే లోపలికి మరలుకుంటూ పోతుంది. కనుక లీవరు చేతిలోనే ఉంచుకొని కొద్దికొద్దిగా దించాలి. ఇరుక్కుంటే లిఫ్టుతో బలవంతంగా లాగవద్దు. ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి, లేదా లింకేజీ వంగుతుంది. పీటీవో విడదీసి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకొని, పెద్ద పైపు రెంచితో ఆగర్ గొట్టాన్ని పట్టుకొని వెనక్కు తిప్పండి. రెండు మూడు చుట్లు వెనక్కు వచ్చాక పట్టు వదులుతుంది, అప్పుడు లిఫ్టుతో మెల్లగా ఎత్తవచ్చు.

అత్తిలి రైతు:
స్తంభం నిలిపే ముందు ఇంకొక పని మిగిలి ఉంది. తడి బంకమట్టిలో ఆగర్ తిరిగిన గోతి గోడలు మెత్తినట్టు నున్నగా తయారవుతాయి, కాంక్రీటు వాటిని పట్టదు. గునపం మొనతో గోడలను అక్కడక్కడ గీరి గరుకు చేయించండి, అడుగున జారిన మట్టిని చేత్తో తీయించండి. తీసిన నల్లమట్టినే తిరిగి గోతిలో కూరితే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుని రెండేళ్ళలో స్తంభాలు తలో దిక్కుకు ఒరుగుతాయి, కనుక కాంక్రీటు వేయని చోట గ్రావెల్ పోసి పొరపొరకూ దిమ్మిసా చేయించండి. మూల స్తంభాలకు మాత్రం మూడడుగుల లోతు, రెండు వైపులా ఏటవాలు ఊతాలు తప్పవు, తీగ బిగించినప్పుడు లాగుడంతా వాటి మీదే పడుతుంది.